ఏ బాధా లేనప్పుడే రండమ్మా! – గర్భసంచి ముఖద్వార క్యాన్సర్, వైరస్ పరీక్ష



గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చి, ఆలస్యంగా ఆసుపత్రికి చేరే తల్లులు చెప్పే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "ముట్లు ఆగిపోయి నాలుగేళ్లయింది, ఇప్పుడు మళ్లీ ఎరుపు కనబడుతోంది." "తెల్లబట్ట వాసన వస్తోంటే వేడి చేసిందనుకున్నాను." "కోతలు అయిపోయాక చూపించుకుందామనుకున్నాను." "అమ్మాయి పెళ్లి కానీ, తర్వాత వద్దామనుకున్నాను." వీళ్లు అశ్రద్ధ చేశారని మేము నిందించము. ఈ జబ్బు మొదట్లో ఏ నొప్పీ పెట్టదు. జ్వరం రాదు, ఆకలి చావదు, పని ఆగదు. బాధ తెలిసేసరికి చాలామందిలో జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అప్పుడు రేడియేషన్ కోసం దూరప్రాంతానికి వెళ్లడం, నెలల తరబడి తిరగడం, అప్పులు, కన్నీళ్లు.

2022 సంవత్సరపు అంచనాల ప్రకారం మనదేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది. సుమారు 80,000 మంది చనిపోయారు. వీరిలో ఎంతోమంది పిల్లల్ని పెంచుతున్న, ఇంటిని నడుపుతున్న వయసులో ఉన్న తల్లులు. ఇంతకన్నా బాధాకరమైన సంగతి ఇంకొకటి ఉంది. క్యాన్సర్లలో ముందుగా కనిపెట్టి పూర్తిగా ఆపగలిగినవి కొన్నే. వాటిలో ఇది మొదటి వరుసలోది. ఎలా ఆపవచ్చో, అందులో వైరస్ పరీక్ష పాత్ర ఏమిటో ఈ సంచికలో వివరిస్తున్నాము.

ఈ క్యాన్సర్ ఎలా వస్తుంది?

గర్భసంచి బోర్లించిన బేరిపండు ఆకారంలో ఉంటుంది. దాని కింది సన్నని భాగమే ముఖద్వారం. ఇక్కడ వచ్చే క్యాన్సర్‌కు దాదాపు ప్రతి కేసులోనూ కారణం ఒక వైరస్. దాని పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్.పి.వి. ఈ సంబంధాన్ని కనిపెట్టినవారు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్. ఆయన బృందం 1983లో ఈ వైరస్‌లోని 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని ముఖద్వార క్యాన్సర్ కణాల్లో గుర్తించింది. ప్రపంచంలో ప్రతి 10 ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 7 ఈ రెండు రకాల వల్లనే వస్తున్నాయి. ఈ కృషికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ వైరస్ భార్యాభర్తల కలయిక ద్వారా సోకుతుంది. ఇది ఎంత సామాన్యమైనదంటే, సంసారం చేసే స్త్రీపురుషుల్లో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. సోకినట్టు వారికి తెలియను కూడా తెలియదు. దేవుడు మన శరీరంలో పెట్టిన రోగనిరోధక శక్తి 10 మందిలో దాదాపు 9 మందికి ఒకటి రెండు సంవత్సరాల్లోనే దీన్ని వెళ్లగొట్టేస్తుంది. కొద్దిమందిలో మాత్రం వైరస్ తిష్ఠ వేసుకుని ఉండిపోతుంది. అలా ఉండిపోయినచోట ముఖద్వారపు కణాలు మెల్లగా మారడం మొదలవుతుంది. ఈ మార్పు క్యాన్సర్ కావడానికి సాధారణంగా 15 నుండి 20 సంవత్సరాలు పడుతుంది. హెచ్.ఐ.వి. ఉండి చికిత్స తీసుకోని స్త్రీలలో 5 నుండి 10 సంవత్సరాల్లోనే కావచ్చు.

అంటే మనకు ఎంతో గడువు ఉంది. పంట చేలో తెగులు మొదటి ఆకుమీద కనబడినప్పుడే రైతు మందు కొడతాడు. చేను ఎర్రబారేదాకా ఆగడు. ఈ జబ్బుకూ అదే పద్ధతి.

పరీక్షలు మూడు రకాలు

మొదటిది ప్యాప్ స్మియర్. ముఖద్వారం నుండి కొన్ని కణాలు తీసి, గాజుపలక మీద పూసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ధనిక దేశాల్లో ఈ పరీక్ష వల్ల మరణాలు చాలా తగ్గాయి. కానీ దీన్ని మూడేళ్లకొకసారి చేయించుకుంటూ ఉండాలి. పలకలు చదవడానికి తర్ఫీదు పొందిన నిపుణులు కావాలి. పల్లెటూళ్లకు ఈ రెండూ కష్టమే.

రెండవది వి.ఐ.ఎ. పరీక్ష. వెనిగర్ లాంటి పలుచని ఎసిటిక్ యాసిడ్‌ను ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు చెందిన చోటు తెల్లగా కనబడుతుంది. ఖర్చు చాలా తక్కువ, ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. తర్ఫీదు పొందిన నర్సు కూడా చేయగలదు. కానీ చూసేవారి కన్ను మీద ఆధారపడి ఉంటుంది. ఒకరికి కనబడింది ఇంకొకరికి కనబడకపోవచ్చు. ముట్లు ఆగిపోయిన స్త్రీలలో చూడవలసిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి వారికి ఇది అంతగా నప్పదు.

మూడవది హెచ్.పి.వి. పరీక్ష. కణాలు మారాయా లేదా అని కాకుండా, వాటిని మార్చగల వైరస్ ఉందా లేదా అని ఇది చూస్తుంది. ఒక మెత్తని బ్రష్‌తో నమూనా తీసి యంత్రంలో పెడతారు. ఫలితం యంత్రం చెబుతుంది కాబట్టి కంటి పొరపాటుకు తావు తక్కువ. టి.బి. క్రిమిని పట్టడానికీ, కోవిడ్ పరీక్షలకూ వాడిన చిన్న యంత్రాల వంటివాటి మీదే ఇప్పుడు ఈ పరీక్ష కూడా చేయగలుగుతున్నారు.

ఉస్మానాబాద్ పల్లెలు నేర్పిన పాఠం

మనలాంటి ప్రాంతాలకు ఈ మూడింటిలో ఏది మేలు? దీనికి జవాబు మన పొరుగునే దొరికింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఇప్పుడు దాని పేరు ధారాశివ్. జొన్న, కంది పండే మెట్ట ప్రాంతం. ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్, బార్శీలోని నర్గీస్ దత్ మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి, ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలిసి 1999లో అక్కడ ఒక పెద్ద పరిశీలన మొదలుపెట్టాయి.

30 నుండి 59 సంవత్సరాల వయసున్న 1,31,746 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలు ఇందులో ఉన్నారు. వారి గ్రామాలను 52 సముదాయాలుగా చేసి, ఆ సముదాయాలను నాలుగు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష, ఇంకొక గుంపుకు ఒక్కసారి ప్యాప్ స్మియర్, మూడవ గుంపుకు ఒక్కసారి వి.ఐ.ఎ. చేశారు. నాలుగవ గుంపుకు ఆరోగ్యబోధ, మామూలుగా అందే వైద్యం మాత్రమే. ప్రతి గుంపులోనూ 31 వేల నుండి 34 వేల మంది స్త్రీలు ఉన్నారు. తర్వాత ఎనిమిదేళ్లపాటు వారి ఆరోగ్యాన్ని గమనించారు.

2009లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్ష లేని గుంపులో 64 మంది ఈ క్యాన్సర్‌తో చనిపోయారు. హెచ్.పి.వి. పరీక్ష గుంపులో 34 మంది. ముదిరిన దశలో బయటపడిన క్యాన్సర్లు పరీక్ష లేని గుంపులో 82 ఉండగా, హెచ్.పి.వి. గుంపులో 39. జీవితంలో ఒకే ఒక్కసారి చేసిన పరీక్ష మరణాలను దాదాపు సగానికి తగ్గించింది. ఒక్కసారి చేసిన ప్యాప్ స్మియర్, వి.ఐ.ఎ. గుంపులలో 54, 56 మంది చనిపోయారు. అక్కడ స్పష్టమైన తగ్గుదల కనబడలేదు.

ఇంకొక సంగతి కూడా తేలింది. హెచ్.పి.వి. పరీక్షలో "వైరస్ లేదు" అని వచ్చిన స్త్రీలలో తర్వాత క్యాన్సర్ వచ్చినవారు ఏడాదికి లక్షమందిలో సుమారు నలుగురే. మిగతా రెండు పరీక్షల్లో "ఫరవాలేదు" అనిపించుకున్నవారిలో ఈ సంఖ్య సుమారు 16. మళ్లీ మళ్లీ ఆసుపత్రికి రాలేని కూలి తల్లికి ఇది ఎంత భరోసానో ఆలోచించండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నాలుగవ గుంపు స్త్రీలకు పరీక్ష చేయకుండా ఉండడం న్యాయమేనా అని తర్వాతి కాలంలో విమర్శలు వచ్చాయి. ఆ ప్రశ్న చిన్నది కాదు. ఆ 64 మంది తల్లుల ప్రాణాలు కూడా ఈ పాఠం వెనుక ఉన్నాయి. అంత వెలకు దొరికిన సంగతిని తెలిసి కూడా వాడుకోకపోతే ఆ తప్పు మనదవుతుంది.

వి.ఐ.ఎ. పనికిరాదా?

అలా అనుకోవద్దు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో అంబిలిక్కై అనే ఊరిలో మనలాంటి ఒక క్రైస్తవ ఆసుపత్రి ఉంది. పేరు క్రిస్టియన్ ఫెలోషిప్ కమ్యూనిటీ హెల్త్ సెంటర్. 2000లో మొదలైన పరిశీలనలో ఆ ఆసుపత్రి కూడా పాలుపంచుకుంది. అక్కడ తర్ఫీదు పొందిన నర్సులు గ్రామాల్లో వి.ఐ.ఎ. పరీక్ష చేశారు. అవసరమైనవారికి చాలా సందర్భాల్లో అప్పుడే చికిత్స కూడా ఇచ్చారు. ఆ గ్రామాల్లో ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గినట్టు 2007లో ప్రకటించారు. మంచి తర్ఫీదు, వెంటనే చికిత్స ఉంటే వి.ఐ.ఎ. కూడా ప్రాణాలు కాపాడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం మొదట ఎంచుకోవలసింది హెచ్.పి.వి. పరీక్షే. అది దొరకని చోట వి.ఐ.ఎ. లేదా ప్యాప్ స్మియర్ చేయించుకోవాలి. కాబట్టి "మంచి పరీక్ష వచ్చాక చూద్దాం" అని కూర్చోవద్దు. మీకు అందుబాటులో ఏది ఉంటే అది చేయించుకోండి.

సిగ్గుపడే తల్లులకు

"డాక్టరమ్మ అయినా సరే, బల్ల మీద పడుకుని చూపించుకోవాలంటే ప్రాణం పోయినట్టు ఉంటుంది" అంటారు మన తల్లులు. మాకు తెలుసు. హెచ్.పి.వి. పరీక్షలో దీనికి ఒక దారి ఉంది. నమూనాను మీరే తీసుకోవచ్చు. నర్సు చెప్పినట్టు తెర చాటున గానీ, బాత్‌రూములో గానీ మెత్తని బ్రష్‌ను యోని మార్గంలోకి పెట్టి, నెమ్మదిగా తిప్పి, తీసి గొట్టంలో వేసి ఇస్తే చాలు. నొప్పి ఉండదు. హైదరాబాద్ పక్కన మేడ్చల్ మండలంలోని పల్లె స్త్రీలు తామే తీసుకున్న నమూనాలను వైద్య సిబ్బంది తీసిన నమూనాలతో పోల్చి చూశారు. తామే తీసుకున్న నమూనా కూడా ఈ పరీక్షకు పనికివస్తుందని 2009లో అచ్చయిన ఆ పరిశీలన తెలిపింది. మన పల్లెటూరి తల్లులు చక్కగా చేయగలిగారు. మీరూ చేయగలరు.

నెలసరి ఎక్కువగా అవుతున్న రోజుల్లో పరీక్షకు రావద్దు. యోనిలో పెట్టుకునే మందులు వాడుతుంటే ముందుగా నర్సుకు చెప్పండి.

"పాజిటివ్" అని వస్తే?

ఉస్మానాబాద్‌లో పరీక్షించిన ప్రతి 100 మందిలో దాదాపు 10 మందికి వైరస్ ఉన్నట్టు తేలింది. కాబట్టి మీకు పాజిటివ్ వస్తే మీరు ఒంటరివారు కారు. ఈ మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఒకటి. పాజిటివ్ అంటే క్యాన్సర్ ఉందని అర్థం కాదు. వైరస్ ఉంది, ముఖద్వారాన్ని దగ్గరగా చూడాలి అని మాత్రమే అర్థం. వి.ఐ.ఎ. తోనో, కాల్పోస్కోప్ అనే పెద్దది చేసి చూపే పరికరంతోనో చూస్తారు. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చాలామందిలో ఏ మార్పూ ఉండదు. వారు డాక్టరు చెప్పిన గడువుకు, సాధారణంగా ఒకటి రెండు సంవత్సరాల్లో, మళ్లీ పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది.

రెండు. ఇది ఎవరి నడతకూ మచ్చ కాదు. వైరస్ ఎప్పుడు సోకిందో, ఎవరి నుండి సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో సోకి, ఇరవై ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. ఈ కాగితం పట్టుకుని భార్యను అనుమానించడం గానీ, భర్తను నిలదీయడం గానీ అన్యాయం. నమ్మకమైన దంపతుల మధ్య కూడా ఈ వైరస్ కనబడుతుంది.

మూడు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన గర్భసంచి తీయించుకోనక్కరలేదు. ఇది మన ప్రాంతానికి చాలా ముఖ్యమైన మాట. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరుగుతున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. "తెల్లబట్ట అవుతోంది, పుండు ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అనే భయంతో ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకుని, తర్వాత నడుము నొప్పులతో, ఒంటి ఆవిర్లతో, అప్పులతో బాధపడుతున్న తల్లులు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. క్యాన్సర్‌కు ముందటి మార్పులకు కావలసింది చిన్న చికిత్స. చెడిన చోటును చల్లదనంతో గడ్డకట్టించడమో, వేడితో కాల్చడమో, సన్నని తీగతో తీసివేయడమో చేస్తారు. కొన్ని నిమిషాల పని. సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. గర్భసంచి అలాగే ఉంటుంది. కొన్ని వారాలు నీరులాంటి స్రావం అవుతుంది, సుమారు నెలరోజులు దాంపత్యానికి దూరంగా ఉండాలి. ఏడాది తర్వాత ఒకసారి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

ఇదివరకే గర్భసంచి తీయించుకున్నవారు తమ కాగితాలు తెచ్చి చూపించండి. ముఖద్వారం కూడా తీశారా, ఎందుకు తీశారు అన్నదాన్నిబట్టి మీకు పరీక్ష అవసరమో కాదో చెబుతాము.

పరీక్షతోనే పని అయిపోదు

ఉస్మానాబాద్‌లో ప్రాణాలు నిలిచింది బ్రష్ వల్లనో, యంత్రం వల్లనో మాత్రమే కాదు. వైరస్ ఉన్నట్టు తేలినవారిలో ఎక్కువమంది తిరిగి వచ్చి చూపించుకున్నారు, అవసరమైనవారు చికిత్స చేయించుకున్నారు. ఫలితం తీసుకోకుండా వదిలేసినా, పాజిటివ్ అని విని భయపడి ఇంట్లో కూర్చున్నా పరీక్ష చేయించుకోనట్టే. అందుచేత నమూనా ఇచ్చేటప్పుడే మీ ఫోను నంబరు, ఫోను లేకపోతే ఇంట్లోవారిది గానీ, పక్కింటివారిది గానీ రాయించండి. ఫలితం మీకు తప్ప ఇంకెవరికీ చెప్పకూడదని కోరుకుంటే ఆ మాట కూడా చెప్పండి. మీ ఫలితం మీ సొంతం.

ఎవరు, ఎప్పుడు చేయించుకోవాలి?

• 30 ఏళ్లు దాటిన, పెళ్లయిన ప్రతి స్త్రీ. ఏ బాధా లేకపోయినా సరే.

• హెచ్.పి.వి. పరీక్షలో వైరస్ లేదని వస్తే 5 నుండి 10 సంవత్సరాల తర్వాత మళ్లీ చేయించుకుంటే చాలు. వి.ఐ.ఎ. లేదా ప్యాప్ స్మియర్ అయితే మూడేళ్లకొకసారి మేలు.

• హెచ్.ఐ.వి. ఉన్న సోదరీలు 25 ఏళ్ల నుండే మొదలుపెట్టాలి, 3 నుండి 5 సంవత్సరాలకొకసారి చేయించుకోవాలి. మిగతావారికంటే మీకు ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం ఆరు రెట్లు ఎక్కువ. మందులు మానకండి.

• జీవితంలో ఎక్కువసార్లు వీలు కాకపోతే, 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు ఇంకొకసారి అయినా చేయించుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన గురి.

మన పరిస్థితి చూస్తే, 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ఈ క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి ఇద్దరు కూడా లేరు.

9 నుండి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ వైరస్ రాకుండా టీకా ఉంది. మీ పిల్లలకు తప్పక వేయించండి. కానీ వైరస్ ఇప్పటికే సోకి ఉంటే టీకా దాన్ని తీసివేయలేదు. బిడ్డకు టీకా, తల్లికి పరీక్ష – ఇలా గుర్తుపెట్టుకోండి.

వెంటనే రావలసినవారు

దాంపత్యం తర్వాత రక్తం కనబడడం, రెండు నెలసరుల మధ్య ఎరుపు, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం, దుర్వాసనతో నీళ్లలాంటి లేదా ఎర్రని స్రావం, తగ్గని పొత్తికడుపు నొప్పి – వీటిలో ఏది ఉన్నా పరీక్షా శిబిరం కోసం ఎదురుచూడవద్దు. వెంటనే డాక్టరుకు చూపించుకోండి. అన్నీ క్యాన్సర్ కావు. కానీ చూడకుండా ఎవరూ చెప్పలేరు. క్యాన్సరే అయినా, మొదటి దశలో దొరికితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

సంఘానికి ఒక మాట

మార్కు సువార్త అయిదవ అధ్యాయంలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని మనమందరం ఎరుగుదుము. ఉన్నదంతా వైద్యులకు ఖర్చు చేసినా బాగుపడలేదు. సిగ్గుతో, భయంతో గుంపులో వెనుకనుండి వచ్చింది. ప్రభువు ఆమెను గద్దించలేదు. అందరి ముందూ కుమార్తె అని పిలిచాడు, సమాధానంతో పంపాడు. మన ఇంటి స్త్రీలు కూడా ఇటువంటి బాధను చెప్పుకోలేక వెనుకనే నిలబడుతున్నారు. వారు ధైర్యంగా ముందుకు వచ్చి చెప్పుకునేలా చేయడం మన పని.

భర్తలారా, మీ భార్య పరీక్షకు వెళ్తానంటే "ఏమయింది నీకు?" అని అడ్డు చెప్పకండి. ఆ రోజు కూలి పోయినా ఫరవాలేదని వెంట రండి. పాస్టరుగారలారా, పాస్టరమ్మగారలారా, స్త్రీల సమాజపు కూడికలో ఒక్కరోజు ఈ వ్యాసం చదివి వినిపించండి. చదువురాని తల్లులకు ఇదే దారి. ఒక్కరే రావడానికి జంకేవారు నలుగురైదుగురు కలిసి రండి. అత్తాకోడళ్లు కలిసి రండి.

కోతలు అయ్యాక కాదు, పెళ్లిళ్లు అయ్యాక కాదు. మీ వయసు 30 దాటి, ఇంతవరకు ఒక్కసారి కూడా ఈ పరీక్ష చేయించుకోకపోతే, ఈసారి ఏ పనిమీద ఆసుపత్రికి వచ్చినా ఓ.పి.లో నర్సమ్మను అడగండి. ఏ బాధా లేనప్పుడే రండమ్మా.

ప్రభువు మీకును మీ కుటుంబములకును ఆరోగ్యము దయచేయును గాక.